రమోన్స్ పాటలు: రూపం వొకటి, పక్షాలు రెండు

పాట రూపం మారితే పాడేవాడి పక్షం కూడా దానంతటదే మారుతుందా? మారుతుందని తొందరపడి చెప్పేవారు అమెరికాలోని రమోన్స్ బృందం చరిత్రను వొకసారి చూడాలి.

ఈ బృందం 1974లో న్యూయార్కు నగరంలోని ఫారెస్టు హిల్స్ అనే పేటలో పుట్టింది. నలుగురూ అన్నదమ్ములు కారు. అయినా అందరూ రమోన్ అనే యింటిపేరు పెట్టుకున్నారు. గిటారు వాయించే జానీ భవన నిర్మాణంలో కూలిపని చేసినవాడు. డ్రమ్ములు వాయించే టామీ బుడాపెస్టులో పుట్టిన యూదుడు. అతని తలిదండ్రులు నాజీల మారణకాండను తప్పించుకొని బతికినవారు. గాయకుడు జోయీ కూడా యూదుడే. బేస్ గిటారు వాయించే డీడీ అమెరికన్ సైనికుడి కొడుకు, జర్మనీలో పెరిగాడు. ఈ వివరాలతో ముందు పనివుంది.

1975లో న్యూయార్కు నగరపాలన దివాలా అంచుకు వచ్చింది. వేలాదిమంది ఉద్యోగాలు ఊడాయి. ఆ రోజుల్లో రాక్ సంగీతం మాత్రం పెద్ద పెద్ద స్టేడియములకెక్కి కూర్చున్నది. పది నిమిషాల గిటారు విన్యాసం వింటున్న కుర్రవాడు నోరు తెరుచుకు చూడవలసిందే తప్ప, తానూ వాయించగలనని అనుకోవడానికి వీలులేదు. బవరీ వీధిలో సీబీజీబీ అనే చిన్న బారులో రమోన్స్ చేసిన పని ఈ భయాన్ని పోగొట్టడం. మూడు నాలుగు స్వరమేళనాలు, రెండు నిమిషాల పాట, ఆగకుండా మరొక పాట. 1976 ఏప్రిల్లో వచ్చిన మొదటి ఆల్బంలో 14 పాటలున్నాయి. మొత్తం అరగంటకు లోపే. దానికయిన ఖర్చు సుమారు 6,400 డాలర్లు. అమెరికాలో దానిని కొన్నవారు కొద్దిమందే. (ఐదు లక్షల ప్రతుల అమ్మకానికి యిచ్చే గుర్తింపు దానికి 2014లో గాని రాలేదు; మార్కెటుకు కళాభిరుచి ఇంత ఆలస్యంగా కలుగుతుంది!) కాని 1976 జూలై 4న వారు లండన్‌లో వాయించినప్పుడు అక్కడి యువకులు వెంటనే గ్రహించారు: ఇది మనమూ చెయ్యవచ్చునని.

ఇది రూపం సాధించిన విజయం; చిన్నది కాదు. మరి వస్తువు మాట ఏమిటి? మొదటి ఆల్బంలో పనిలేని కుర్రకారు విసుగు వుంది. జిగురు వాసన మత్తు వుంది, వీధిమూల వొళ్ళమ్ముకునే కుర్రవాడున్నాడు. ఈ విసుగు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న లేదు. చివరి పాటలో నాజీ కుర్రవాడి వేషం కట్టి పరిహాసమాడారు. ఇద్దరు యూదులున్న బృందం ఆ వేషం కడితే అది ఎగతాళే కదా అనవచ్చు. కాని ఎగతాళి ఎవరిమీదో పాటలో తేలదు. నాకది లోపంగానే తోస్తుంది.

తొమ్మిదేళ్ళకు చరిత్రే వారిని నిలదీసింది. 1985 మే 5న అధ్యక్షుడు రీగన్ జర్మనీలోని బిట్‌బర్గ్ సైనిక శ్మశానానికి వెళ్ళాడు. అక్కడ హిట్లరు ఎస్.ఎస్. దళంవారి సమాధులు 49 వున్నాయి. యూదులూ, మాజీ సైనికులూ వద్దని మొత్తుకున్నా వినలేదు. జోయీ, డీడీలు, జాన్ బోవార్ అనే సంగీతకారునితో కలిసి, ‘బాంజో గోస్ టు బిట్‌బర్గ్’ అనే పాట కట్టారు. బాంజో అంటే 1951లో రీగన్ నటించిన సినిమాలోని చింపాంజీ. ఈసారి ఎగతాళి గురి తప్పలేదు. ఆ పాటలో వేషం లేదు, కోపం వుంది.

ఆ రికార్డు 1985లో ఇంగ్లండులో విడుదలయింది. జానీ రీగన్ అభిమాని. తమ అధ్యక్షుణ్ణి చింపాంజీ అనడం అతనికి గిట్టలేదు. 1986లో అమెరికా ఆల్బంలో చేర్చినప్పుడు, అతని పట్టుమీద పాటకు వేరే పేరు పెట్టి, అసలు పేరును వెనక్కి నెట్టారు. కూలిపని చేసినవాడు రీగన్ పక్షాన వున్నాడు. పేటలో కలిసి పెరిగినవాడు ఎదుటి పక్షాన నిలిచాడు. జోయీకి జానీకి సొంత తగాదాలూ వుండేవి, వాటి జోలికి మనం పోనక్కర్లేదు. ఆ తరువాత మరి పదేళ్ళు, 1996 దాకా, ఇద్దరూ వొకే వేదికమీద అవే స్వరమేళనాలు వాయిస్తూ, పాడుతూ గడిపారు.

జోయీ 2001లో చనిపోయాడు. మరుసటి సంవత్సరం రాక్ సంగీత ప్రముఖుల జాబితాలో బృందాన్ని చేర్చినప్పుడు, జానీ వేదికెక్కి అధ్యక్షుడు బుష్‌ను దేవుడు చల్లగా చూడాలని కోరాడు.