స్టెరాయిడ్ మోతాదు తగ్గింపు

కీళ్లవాతం, ఉబ్బసం, లూపస్ వంటి దీర్ఘవ్యాధులకు చాలాకాలం వాడిన ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మందును ఒక్కసారిగా ఆపక, అంచెలంచెలుగా తగ్గించే చికిత్సావిధానం. మూడు, నాలుగు వారాలకు మించి ఈ మందు వాడినప్పుడు, మూత్రపిండాలపైనుండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే సహజ హార్మోను తయారీని తగ్గించుకోవచ్చు గనుక, హఠాత్తుగా మానితే నీరసం, వాంతులు కలిగి, రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. రోజుకు సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ శరీరపు సహజ అవసరానికి దాదాపు సమానం కాబట్టి, ఆ స్థాయికి చేరాక తగ్గింపు మరింత నెమ్మదిగా సాగుతుంది. తీవ్ర జ్వరం, శస్త్రచికిత్స వంటి సందర్భాల్లో మోతాదును తాత్కాలికంగా పెంచవలసి రావచ్చు. భారతదేశంలో ప్రెడ్నిసొలోన్ షెడ్యూల్ హెచ్ మందు. వైద్యుని చీటీ లేనిదే దీన్ని అమ్మరాదు.