జాంబీ డీర్ డిసీజ్: ఎంత ఉడికించినా పోదు.. జింక మాంసానికి టెస్ట్ ఎందుకంటే?

ఒళ్లు చిక్కి, చొంగ కారుస్తూ, తడబడుతూ తిరిగే జింకలు.. అమెరికాలో దీన్నే 'జాంబీ డీర్ డిసీజ్' అంటున్నారు. అసలు పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. 1967లో కొలరాడోలో తొలిసారి కనిపించింది. ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలకు పాకింది. కెనడా, నార్వే, దక్షిణ కొరియాలోనూ బయటపడింది.

కారణం వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రొటీన్. మెదడులోని మంచి ప్రొటీన్లనూ తనలాగే మార్చేస్తుంది. దానికి ప్రాణమే లేదు, కాబట్టి వంట వేడికి చావదు. జింక లాలాజలం, మూత్రంతో మట్టిలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మనుషులకు సోకినట్టు ఇప్పటివరకు ఒక్క కేసూ నిర్ధారణ కాలేదు. మరి భయమెందుకు? మ్యాడ్ కౌ కూడా ప్రియాన్ వ్యాధే. ఆవుల నుంచి అది మనుషులకూ వచ్చిందన్న వార్త 1996లో బ్రిటన్‌ను కుదిపేసింది.

సోకిన జింక ఏడాదికి పైగా ఆరోగ్యంగానే కనిపించొచ్చు. అందుకే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతున్న జాగ్రత్తలివీ..

* జబ్బుగా ఉన్న, చచ్చి పడి ఉన్న జింక జోలికి వెళ్లొద్దు.
* కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలి. మెదడు, వెన్నుపాము వీలైనంత వరకు ముట్టుకోవద్దు.
* వ్యాధి ఉన్న ప్రాంతంలో వేటాడితే టెస్ట్ చేయించాలి. పాజిటివ్ వస్తే తినొద్దు.

అమెరికాలో ఫ్రెండ్స్ ఇచ్చిన జింక మాంసం వండుకునే మనవాళ్లు కూడా ముందు ఒక్క మాట అడగాలి.. టెస్ట్ చేయించారా?