చెరువు ఒడ్డున కాపురం: తుంగభద్ర తీరానికి కుటుంబంతో తరలే ముందు

వానలు వరుసగా రెండేళ్ళు మొహం చాటేస్తే మన సరిహద్దు పల్లెలలో మొదట వినిపించే మాట ‘నీళ్ళున్న చోటికి పోదాం’ అన్నది. ఆలూరు, రాయదుర్గం, బొమ్మనహాళ్, హాలహర్వి ప్రాంతాలవారికి ఆ నీళ్ళున్న చోటు చాలావరకు తుంగభద్ర జలాశయమే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోను, తక్కిన బళ్ళారి జిల్లాలో అధికభాగం మైసూరు రాష్ట్రంలోను చేరాయి. ఆనకట్ట హోస్పేట వైపు నిలిచింది, బంధుత్వాలు మాత్రం గీతకు రెండువైపులా ఉండిపోయాయి. అందుచేత తుంగభద్ర తీరానికి తరలిపోవడమన్నది మనవారికి పరదేశానికి పోవడంగా తోచదు. అలా తోచకపోవడం వల్లనే అడగవలసిన ప్రశ్నలు అడగకుండా సామాను లారీకి ఎక్కించిన కుటుంబాలు కూడా ఉన్నాయి.

ముందుగా జిల్లా సంగతి. 2021లో బళ్ళారి జిల్లా నుండి విజయనగర జిల్లాను విడదీశారు. హోస్పేట, హగరిబొమ్మనహళ్ళి, హడగలి, కూడ్లిగి, కొట్టూరు, హరపనహళ్ళి తాలూకాలు అందులోనికి పోయాయి. బళ్ళారి, సిరుగుప్ప, కంప్లి, కురుగోడు, సండూరు పాత జిల్లాలోనే ఉన్నాయి. ఆనకట్ట, మరియమ్మనహళ్ళి, కమలాపురం ఇప్పుడు విజయనగర జిల్లావి. దరోజి చెరువు మాత్రం సండూరు తాలూకాలో, అంటే బళ్ళారి జిల్లాలోనే ఉన్నది. ఏ ధ్రువపత్రానికి ఏ ఊరి కచేరీ మెట్లెక్కాలన్నది దీనిని బట్టే తేలుతుంది.

జలాశయపు ఒడ్డున ఇల్లు చూసేవారు మొదట ఆ నీటి స్వభావం తెలుసుకోవాలి. తుంగభద్ర పూర్తి నీటిమట్టం 1633 అడుగులు. నిండినప్పుడు నీరు పరచుకొనే వైశాల్యం సుమారు 378 చదరపు కిలోమీటర్లు. కట్టిన కాలంలో 132 టీఎంసీలకు పైగా ఉండిన నిల్వ సామర్థ్యం, పూడిక చేరుతూ చేరుతూ, ఇటీవలి లెక్కల ప్రకారం 105.788 టీఎంసీలకు తగ్గింది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో గుమ్మానికి దగ్గరగా కనిపించే నీరు ఏప్రిల్ నాటికి కిలోమీటర్ల దూరం వెనుకకు పోతుంది. బయటపడిన ఒండ్రునేలలో తీరగ్రామాలవారు స్వల్పకాలపు పంటలు వేసుకుంటారు. ఆ నేల చూసి ‘ఇది మన ఇంటివెనుక పొలం’ అని ఎవరైనా చెబితే నమ్మరాదు. అది ఆనకట్ట కోసం సేకరించిన ముంపు భూమి. పంట వేసుకున్నంత మాత్రాన హక్కు రాదు, అమ్మే అధికారం అసలే రాదు.

ముంపు అంటే ఏమిటో తెలియాలంటే మరియమ్మనహళ్ళి వెళ్ళి పెద్దలతో ఒక పూట కూర్చోవాలి. ఆనకట్ట కింద దాదాపు 90 గ్రామాలు మునిగాయి. వాటిలో నారాయణదేవరకెరె ఒకటి. పేరులోనే చెరువున్న ఆ ఊరు నీటి పాలైతే అక్కడివారు మరియమ్మనహళ్ళికి తరలివచ్చారు. నాటకకళకు పేరుబడిన ఊరు అది. ఇల్లు, పొలం, గుడి, శ్మశానం అన్నీ ఒకేసారి విడిచి రావలసి వచ్చినవారి కుటుంబాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. కొత్తగా వచ్చేవారు వారి నడుమ కాపురముంటే నీటి గురించి సరైన మాట దొరుకుతుంది. ఏ ఏడు ఎక్కడి వరకు వచ్చింది, ఏ వంక పొంగింది, ఏ బావి ఉప్పెక్కింది అన్న సమాచారం ఏ కచేరీ పటంలోను అంత వివరంగా ఉండదు.

మరొక రకపు ఊళ్ళు క్యాంపులు. ఆనకట్ట నీరు కాలువలకు వచ్చిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో భూములు కొని, కట్టెలు నరికి, నేల చదునుచేసి, వరి వేసి స్థిరపడ్డారు. ఆ ఊళ్ళకు ఇప్పటికీ క్యాంపు అనే పేరే నిలిచింది. అక్కడ తెలుగు మాట వినిపిస్తుంది, గుడిలో కూడ తెలుగు పాట వినిపిస్తుంది. అయితే అవి కోస్తా వారి ఊళ్ళు. మన రాయలసీమ పల్లె నుండి పోయినవారికి భాష ఒక్కటే అయినా అలవాట్లు, పెళ్ళి సంబంధాల వరుసలు, కూలి లెక్కలు వేరుగా తోస్తాయి. ఇది తప్పుపట్టే మాట కాదు, తెలిసి వెళ్ళవలసిన మాట. మాకు ఏ క్యాంపు కంటె కూడ, పాత తెలుగు, కన్నడ కుటుంబాలు కలగలిసి ఉన్న ఊరే పిల్లలకు మేలుగా కనిపిస్తుంది.

ఆనకట్ట కాలనీ అందమైనది, చెట్లు, వెడల్పు బాటలు ఉన్నవి. కాని అక్కడి క్వార్టర్లు ఉద్యోగులవి. అద్దెకిస్తామని ఎవరైనా వస్తే మర్యాదగా తిరస్కరించడం మంచిది. కమలాపురం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది, ఊరు ముచ్చటైనది. అయితే అది హంపి ప్రపంచ వారసత్వ ప్రాంతంలో ఉన్నది. ఇల్లు కట్టాలన్నా, మీద ఒక అంతస్తు వేయాలన్నా హంపి వారసత్వ ప్రాంత ప్రాధికారం అనుమతి ఉండాలి. 2011 జూలైలో హంపి బజారు వీధిలో ఏళ్ళ తరబడి కాపురమున్నవారి ఇళ్ళు, దుకాణాలు తొలగించిన సంగతి మరువరాదు. నివాసం పాతదైనంత మాత్రాన పత్రం బలపడదు. దరోజి చెరువు పరిసరాలు ఇంకా నిశ్శబ్దమైనవి. గుంతకల్లు నుండి హోస్పేట వైపు పోయే రైలు దారిలోనే దరోజి స్టేషన్ ఉన్నది. అయితే 1994లో ఏర్పడిన ఎలుగుబంట్ల అభయారణ్యం ఆ వైపే. చీకటి పడ్డాక పిల్లలను తోటలకు, చెరుకు చేలకు పంపే అలవాటు మానుకోవాలి.

చెరువు కట్ట కింద, కట్ట ముందు, కట్ట చివర ఇళ్ళకు తేడా ఉన్నది. మన వైపు మరువ అనేది కర్ణాటకలో కోడి. చెరువు నిండి పొర్లిన నీరు ఎటు పోతుందో ఆ దారిని ఊరివారిని అడిగి కనుక్కొని, ఆ దారిలో ఉన్న స్థలం ఎంత చౌకగా వచ్చినా విడిచిపెట్టాలి. వేసవిలో ఆ దారి ఆటస్థలంలా ఎండిపోయి కనిపిస్తుంది, ధర కూడ అప్పుడే చెబుతారు. ఆనకట్టకు దిగువన నదీతీరపు ఊళ్ళ పరిస్థితి మరొకటి. నీరు పెద్దమొత్తంలో వదిలినప్పుడు కంప్లి, గంగావతి మధ్య వంతెన మునుగుతుంది. 2009 అక్టోబరు వరద మంత్రాలయాన్ని, కర్నూలును ముంచిన సంగతి అందరికీ తెలిసినదే.

2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినది. వారం రోజులలో స్టాప్‌లాగ్‌లు దించి నీటిని ఆపగలిగారు, అయినా అప్పటికి చాలా నీరు నదిపాలైనది. ఆ తరువాత 33 గేట్లనూ మార్చాలన్న నిర్ణయం జరిగింది. 2025 వానాకాలంలో భద్రత దృష్ట్యా నిల్వను 80 టీఎంసీల వద్ద పరిమితం చేశారు. ఇందులో తరలివెళ్ళే కుటుంబానికి ముఖ్యమైన పాఠం వరద ఒక్కటే కాదు. కాలువ కింద రెండవ పంటకు నీరు వస్తుందన్న లెక్కతో కౌలు ఒప్పుకుంటే, నీరు రాని ఏడు కౌలు ఎవరు మోయాలన్నది ఒప్పందంలో రాసుకోవాలి. జలాశయానికి దగ్గరగా ఉన్నా ఎగువ ఊళ్ళకు కాలువ నీరు అందకపోవచ్చు. కళ్ళ ముందు అంత నీరు ఉండి పొలానికి చుక్క రాని ఊళ్ళు తీరంలో ఉన్నాయి.

స్థలం, పొలం కొనే వారికి కొలతలు మొదటి చిక్కు. మన వైపు ఎకరానికి 100 సెంట్లు, అక్కడ 40 గుంటలు. ఒక గుంట రెండున్నర సెంట్లు. ‘ముప్పై నలభై’ అనే ఇంటిస్థలం 1200 చదరపు అడుగులు, అంటే రెండు ముప్పాతిక సెంట్లు. పొలానికి పహణీ చూడాలి. మన అడంగల్ లాంటిది అది. విస్తీర్ణం రాసిన చోట ఖరాబు అని ఉంటే ఎ, బి అన్న తేడా అడగాలి. ఎ-ఖరాబు సాగుకు పనికిరాని రాతినేల వంటిది. బి-ఖరాబు దారి, వంక, చెరువు వంటి ప్రజల అవసరానికి విడిచినది, దానిని అమ్మడానికి వీలులేదు. చెరువు అంచున అమ్మకానికి వచ్చే స్థలాలలో ఈ బి-ఖరాబు కలిసి ఉండడం అరుదేమీ కాదు. గ్రామపంచాయతీ పరిధిలోని ఇంటికి ఈ-స్వత్తు ఫారం 9, ఫారం 11 ఉండాలి. పొలాన్ని ఇళ్ళస్థలాలుగా విడగొట్టి అమ్ముతుంటే వ్యవసాయేతర మార్పిడి ఆజ్ఞ అడగాలి. చెరువులకు కర్ణాటకలో 2014 నుండి ప్రత్యేక చట్టం ఉన్నది. హద్దు నుండి ఎంత మేర కట్టడాలకు వీలులేదో తాలూకా కచేరీలో అడిగి రాయించుకోవడం మంచిది. దస్తావేజు కన్నడంలో ఉంటుంది. చదవగలిగిన మనవాడు పక్కన లేకుండా వేలిముద్ర గాని సంతకం గాని వేయరాదు.

ఇక ఇంటిలోని ఆడవారు మొదట అడిగే ప్రశ్న తాగునీరు. చెరువు పక్కన ఉన్నంత మాత్రాన తాగునీరు ఉన్నట్లు కాదు. జిల్లాలో చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్ళపై గోధుమరంగు మచ్చలు ఆ ఊరి పాఠశాలలో ఎంతమందికి ఉన్నాయో చూస్తే నీటి సంగతి తెలిసిపోతుంది. జలాశయపు నీరు కొన్ని ఏళ్ళలో నాచు పెరిగి ఆకుపచ్చగా మారుతుంది, కాబట్టి పంచాయతీ శుద్ధిచేసి ఇచ్చే నీరు ఉన్నదా అని కూడ అడగాలి. దోమలు ఎక్కువ. ఈ ఆనకట్ట కట్టిన రోజులలో మలేరియా నివారణే ఒక పెద్ద పనిగా సాగింది. వరిమడులు, నీటిఅంచు ఉన్నచోట తలుపు జాలీలు ఖర్చుగా భావించరాదు.

అన్నిటికంటె బరువైన సంగతి పిల్లల చదువు. రాజ్యాంగం 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్ కళాశాలలలో స్థానికుడిగా లెక్కలోనికి రావాలంటే, సాధారణంగా అర్హతా పరీక్షకు ముందు వరుసగా నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అటు కల్యాణ కర్ణాటకకు 371-జె ఉన్నది, బళ్ళారి, విజయనగర జిల్లాలు దాని కిందివే. అక్కడి స్థానికత పుట్టుక, దీర్ఘకాల నివాసం, తల్లిదండ్రుల స్థానికత వంటివాటి మీద ఆధారపడుతుంది, కొత్తగా వచ్చినవారికి చేతికి రాదు. కాబట్టి తొమ్మిదవ తరగతి పిల్లవాడిని తీసుకొని తరలితే అతడు ఇటు స్థానికత పోగొట్టుకొని, అటు పొందక, రెండు ప్రవేశ పరీక్షలలోను బయటివాడయ్యే ప్రమాదం ఉన్నది. అటువంటి పిల్లవాడిని తాత, అమ్మమ్మల వద్ద ఉంచి ఇంటరు పూర్తి చేయించడం కఠినంగా తోచినా, మా దృష్టిలో అదే వివేకం. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఈ చిక్కు తక్కువ. వారు కన్నడం కూడ తొందరగా పట్టుకుంటారు. 2015 చట్టం ప్రకారం కర్ణాటక పాఠశాలలలో కన్నడం నేర్వక తప్పదు. బళ్ళారి ప్రాంతంలో తెలుగు మాధ్యమపు ప్రభుత్వ పాఠశాలలు కొన్ని ఉన్నాయి, అవి మీరు చూసిన ఊరిలో ఉన్నవో లేవో, ఎన్నవ తరగతి దాకా ఉన్నవో బడికి వెళ్ళి చూడాలి.

కుల ధ్రువపత్రం విషయంలో మన వైపు ఒక భ్రమ బలంగా ఉన్నది. కర్ణాటకలో నాయక, బేడ, వాల్మీకి వర్గం షెడ్యూల్డు తెగలలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతంలో బోయలు వెనుకబడిన తరగతులవారు. గీత దాటితే ఎస్టీ పత్రం వస్తుందని దళారులు చెబుతారు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, వలస వెళ్ళినవారికి కొత్త రాష్ట్రంలో ఆ హోదా వర్తించదని తేల్చింది. తప్పుడు పత్రంతో ఉద్యోగం సంపాదించిన బిడ్డ నడివయసులో దానిని పోగొట్టుకొనే పరిస్థితి తెచ్చుకోరాదు. రేషన్ విషయంలో మాత్రం ఇబ్బంది తక్కువ, ఒకే దేశం ఒకే కార్డు పద్ధతిలో బియ్యం అక్కడా తీసుకోవచ్చు.

వైద్యానికి హోస్పేటలో ఆసుపత్రులు ఉన్నాయి, పెద్ద జబ్బులకు బళ్ళారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రే దిక్కు. కాన్పు దగ్గరపడిన కోడలు, గుండెజబ్బు ఉన్న పెద్దవారు ఇంటిలో ఉంటే, తీరంలోని మారుమూల ఊరి కంటె బస్సు ఆగే రహదారి ఊరే ఎంచుకోవాలి.

ఊరు నచ్చితే వెంటనే ఇల్లు కొనవద్దు. ఒక ఏడాది అద్దెకు ఉండి చూడండి. అది కుదరకపోతే రెండుసార్లయినా వెళ్ళండి: ఒకసారి మే నెలలో, నీరు దూరాన ఉన్నప్పుడు, మరొకసారి ఆగస్టు చివర, గేట్లు తెరిచినప్పుడు. రెండవసారి ఇంటి యజమానితో కాక, పక్కింటి ముసలమ్మతో మాట్లాడి, నీరు ఆ ఇంటి ఏ మెట్టు దాకా వచ్చిందో వేలితో చూపించమనండి.