ఏడు లక్షల పేష్కష్‌కు వెల కట్టిన ఏడాది

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నిండితే ఆయకట్టులో వరి పండేది, శిస్తు వచ్చేది. వానలు మొహం చాటేస్తే రెండూ లేవు. నిజాం ఖజానాకు ఆధారం ఇలాంటి ఊళ్లే. సిపాయిల జీతాలు మాత్రం వానల కోసం ఆగవు కదా! అప్పిచ్చేవాళ్లకు గిరాకీ అక్కడే పుట్టింది.

వాళ్లలో అందరినీ మించింది హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ చెంత, అంటే నేటి కోఠిలో, దుకాణం తెరిచిన విలియం పామర్ కంపెనీ. దేశీ ప్రభువులకు బ్రిటిష్ వాళ్లు అప్పులివ్వరాదన్న చట్టం అడ్డొస్తే, 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ దగ్గర మినహాయింపు తెచ్చుకుంది. 1820లో, దివాణం నడిపిన పేష్కార్ చందూలాల్ హయాంలో నిజాంకు ఇచ్చిన 60 లక్షల అప్పుకు వడ్డీ 18 శాతం. పల్లె లెక్కలో రూపాయిన్నర వడ్డీ.

కొత్తగా రెసిడెంటై, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా, వచ్చిన చార్లెస్ మెట్కాఫ్‌కు ఈ లెక్క మింగుడు పడలేదు. కలకత్తాలో అర్ధరూపాయి వడ్డీకి, అంటే 6 శాతానికి అప్పు తెచ్చి, పామర్ బాకీ ముందే తీర్చేద్దామన్నాడు. నేటి కాలబుల్ బాండ్లలో ఉన్న కీలకం ఇదే: వడ్డీలు తగ్గినప్పుడు పాత అప్పును గడువుకు ముందే తీర్చి చౌక అప్పులోకి మారే హక్కు. అది బాకీదారుకు లాభం, రూపాయిన్నర వడ్డీ తింటున్నవాడికి నష్టం. హేస్టింగ్స్ ఒప్పుకోలేదు.

ఆయన వెళ్లిపోయాక, 1823లో దారి మరోవైపు నుంచి తెరుచుకుంది. కోస్తాలోని ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్, అంటే కప్పం, కట్టేది. గడువంటూ లేని బాకీ అది. దాన్ని శాశ్వతంగా రద్దు చేసుకోవడానికి కంపెనీ ఇచ్చింది 1,16,66,666 రూపాయలు. 7 లక్షలను 6 శాతంతో భాగిస్తే వచ్చేది సరిగ్గా ఆ అంకే! 18 శాతంతో భాగించి ఉంటే 39 లక్షలు కూడా రాదు.

ఆ సొమ్ముతో పామర్ బాకీ తీరింది. మరుసటి ఏడే ఆ కంపెనీ దివాలా తీసింది.

నిజాంకిది తెలివితక్కువ బేరమేమీ కాదు. అంత సొమ్ముకు పామర్ రేటున ఏటా 21 లక్షల వడ్డీ అవుతుంది. వదులుకున్నది 7 లక్షలు. కానీ వడ్డీలు ఎప్పుడూ ఒక్కచోట నిలవవు. 1894లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తన 4 శాతం రుణపత్రాలను మూడున్నర శాతానికి మార్చింది. పావలా వడ్డీకి కాస్త ఎక్కువన్నమాట. ఆ రేటున అదే పేష్కష్ విలువ 2 కోట్లు.

ముందే తీర్చే హక్కు పత్రంలో లేకపోయినా బలమున్నవాడు పుట్టించగలడు. గుజరాత్‌లో సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ 1993లో 3,600 రూపాయలకు అమ్మిన బాండ్ల మీద 2014లో 1,11,000 ఇవ్వాలి. వడ్డీలు తగ్గాక ఆ భారం మోయలేక, 2008లో శాసనసభ చేత ప్రత్యేక చట్టం చేయించుకున్నారు. 2009 జనవరిలో 50,000 చేతిలో పెట్టి ఖాతా మూసేశారు.