పునరావాసం చదువుగా మారిన తీరు

ఒకప్పుడు బర్మాలోని రంగూన్ రేవుల్లో బరువులు మోసినవారిలో తెలుగు కూలీలే ఎక్కువ. 1930 మే నెలలో వారు కూలి పెంచమని చేసిన సమ్మె రక్తపాతంతో ముగిసింది. 1942లో జపాను దాడి, 1962 తర్వాత నె విన్ సైనిక సర్కారు జాతీయీకరణ భారతీయులను మళ్లీ మళ్లీ నిరాశ్రయులను చేశాయి. తిరిగొచ్చిన కుటుంబాల గుర్తుగానే విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు నిలిచింది. బర్మా, శ్రీలంక కాందిశీకుల కోసం 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు వచ్చింది. ఆనాటి పునరావాసం ప్రధానంగా ఇల్లు, అప్పు, ఉపాధి చుట్టూనే తిరిగింది.

వైకల్యమున్న మనిషి పక్కన కూర్చుని, బతుకుదెరువును, మనోధైర్యాన్ని కలిపి ఆలోచించే వృత్తి వేరే దారిలో ఎదిగింది. అమెరికాలో 1920 నాటి వృత్తి పునరావాస చట్టం దానికి పునాది వేసింది. 1954 సవరణ కౌన్సెలర్ల శిక్షణకు విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చింది. దాంతో ఈ రంగంలో అధ్యాపక వృత్తి స్థిరపడింది. తెలుగునాట మానసిక వైకల్యమున్న పిల్లల కోసం హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. 1984లో సికింద్రాబాదులో కేంద్రప్రభుత్వం ఇదే రంగంలో జాతీయ సంస్థను నెలకొల్పింది. బోధన, వైద్యసేవ, పరిశోధన అక్కడ ఒకే ఆవరణలో కలిశాయి.

ఈ పునరావాస చదువుకు ప్రాణం పర్యవేక్షణ. విద్యార్థి తల్లిదండ్రులను అడిగి బిడ్డ చరిత్ర రాసుకుంటాడు, పరీక్షలు చేస్తాడు, లక్ష్యాలు పెడతాడు. తర్వాత గురువు ఆ కేసు రికార్డును ముందేసుకుని ఒక్కొక్కటీ అడుగుతారు: ఈ పరీక్షే ఎందుకు ఎంచుకున్నావు? తల్లి చెప్పిన మాట ఎక్కడ రాశావు? నాయనమ్మ మౌనంగా ఉండిపోతే ఏమనుకున్నావు? తల్లి మీద విసుగు కలిగితే దాన్నీ దాచకుండా చెప్పుకోవాలి. పుస్తకం నేర్పలేని ఓర్పు ఈ సంభాషణల్లోనే అబ్బుతుంది. అయినా అధ్యాపకుల పరిశోధన పత్రాలు అచ్చులో కనిపించినట్టు ఈ శ్రమ బయటికి కనిపించదు. దానికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు.

మన దేశంలో ఈ రంగానికి చట్టం ఆలస్యంగా వచ్చింది. 1986లో ఏర్పడిన భారత పునరావాస మండలికి 1992 చట్టంతో అధికారాలు దక్కాయి. మండలి కేంద్ర రిజిస్టరులో పేరు లేనివారు పునరావాస సేవ చేయడం నేరమైంది. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, తలసీమియా వంటివి చేరడంతో పాఠ్యాంశాలూ విస్తరించాల్సి వచ్చింది. పట్టా చేతికొచ్చాక కూడా రిజిస్టరులో పేరు నిలుపుకోవాలంటే నిరంతర శిక్షణకు హాజరై పాయింట్లు కూడబెట్టుకోవాలి.