ఉపకనీస వేతనం (అమెరికా)

ఉపకనీస వేతనం అంటే 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం 14(సి) సెక్షన్ ప్రకారం, కార్మికశాఖ ధ్రువపత్రమున్న యజమానులు వికలాంగ కార్మికులకు కనీస వేతనంకన్నా తక్కువగా ఇచ్చే కూలి. వైకల్యంలేని కార్మికుడికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి రేటు కడతారు. అందులో సగం పని చేసినవారికి స్థానికంగా నడిచే కూలిలో సగమే. 1986 సవరణతో కింది హద్దు కూడా పోయింది. వికలాంగులకు ప్రభుత్వమిచ్చే ఎస్‌ఎస్‌ఐ భృతి పొందే ఒంటరి వ్యక్తి ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదన్న నిబంధన వల్ల పొదుపుకూ దారి మూసుకుపోయింది.

అయోవాలోని అటలిస్సాలో పాత బడి భవనంలో ఉంటూ టర్కీ కోళ్ల ప్లాంటులో పనిచేసిన 32 మంది మేధో వికలాంగులకు నెలకు 65 డాలర్లే ముట్టేవి. వారి కేసులో 2013లో జ్యూరీ ప్రకటించిన 24 కోట్ల డాలర్ల పరిహారం చట్టపు పరిమితి వల్ల 16 లక్షలకు పడిపోయింది. 2015లో న్యూ హాంప్‌షైర్ ఈ విధానాన్ని నిషేధించింది. దేశమంతటా రద్దుకు 2024 డిసెంబరులో వచ్చిన ప్రతిపాదనను 2025 జులైలో ఉపసంహరించారు.