కార్బోకేటయాన్ల స్థిరత్వం: చరిత్ర

నాలుగు బంధాలుండాల్సిన కార్బన్‌కు మూడే మిగిలి, వెలుపలి కక్ష్యలో ఆరే ఎలక్ట్రాన్లతో ధనావేశం మోస్తూ ఉంటే అది కార్బోకేటయాన్. సాధారణంగా దాని ఆయుష్షు లిప్తపాటు. అయితే అన్నిటికీ ఒకే ఆయుష్షు ఉండదు. ప్రయోగశాలలో టర్ట్-బ్యుటైల్ ఆల్కహాల్‌కు లూకాస్ కారకం కలిపితే పరీక్షనాళిక వెంటనే తెల్లగా మసకబారుతుంది. ప్రైమరీ ఆల్కహాల్ గది ఉష్ణోగ్రత వద్ద తేటగానే ఉండిపోతుంది. మొదటిదాని నుంచి ఏర్పడే కార్బోకేటయాన్‌లో మూడు మిథైల్ సమూహాలు తమ బంధాల ఎలక్ట్రాన్లను కొంత ధనావేశ కార్బన్ వైపు ఒరిగించి ఆవేశాన్ని పంచుకోవడమే ఈ తేడాకు కారణం.

1891లోనే మెర్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త చేతికి ఏడు కార్బన్ల వలయమున్న, నీటిలో కరిగే ఒక బ్రోమైడ్ చిక్కింది. అది ట్రోపిలియం అనే కార్బోకేటయాన్ లవణమని 1954లో డోరింగ్, నాక్స్ తేల్చారు. ఈలోగా 1901లో ట్రైఫినైల్ మిథనాల్ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముదురు పసుపు రంగులోకి మారడం కనిపించింది. అది లవణ స్వభావమేనని మరుసటి ఏడాది బేయర్ గుర్తించాడు. మూడు బెంజీన్ వలయాల మీదుగా ఆవేశం పరుచుకోవడమే ఆ అయాన్‌కు బలం. సూక్ష్మజీవులకు ఊదారంగు పట్టించే క్రిస్టల్ వయొలెట్‌దీ అదే కుటుంబం. వలయాలకు తోడు నైట్రోజన్లు కూడా ఆదుకోవడంతో అది నీటిలోనూ నిలుస్తుంది.

1922లో కాంఫీన్ హైడ్రోక్లోరైడ్ చర్యలో మీర్వైన్ కార్బోకేటయాన్ల జాడ పట్టాడు. తర్వాత ఇంగోల్డ్, హ్యూస్, విట్మోర్ ఆ బాటను వెడల్పు చేశారు.

అసలు రసవత్తరమైన ఘట్టం 1949లో మొదలైంది. నార్బోర్నైల్ బ్రోసిలేట్ అనే వలయ సమ్మేళనపు ఎక్సో రూపం ఎసిటిక్ ఆమ్లంలో ఎండో రూపం కంటే 350 రెట్లు వేగంగా చర్య జరుపుతోందని విన్‌స్టైన్, ట్రైఫన్ చూపించారు. పక్క బంధం వంగివచ్చి, చర్యలో ఏర్పడే నార్బోర్నైల్ అయాన్‌ను నిలబెడుతోందన్నది విన్‌స్టైన్ వాదన. కాదు, రెండు మామూలు అయాన్లు అతివేగంగా ఒకదానికొకటి మారుతున్నాయన్నాడు హెచ్.సి. బ్రౌన్. వాదం దశాబ్దాల పాటు సాగింది.

చిక్కుముడి విప్పే సాధనం జార్జ్ ఓలా ఇచ్చాడు. బుడాపెస్ట్‌లో పుట్టి, కెనడాలోని సార్నియాలో పనిచేసిన ఈ అసాధారణ పరిశోధకుడు, ఆంటిమనీ పెంటాఫ్లోరైడ్‌లో టర్ట్-బ్యుటైల్ అయాన్‌ను ఎన్‌ఎమ్‌ఆర్‌తో తీరిగ్గా చూసేంతసేపు నిలిపాడు. అయాన్‌పై దాడిచేసే ఎలక్ట్రాన్ జంటలే అక్కడ కరవు. 1966లో క్లీవ్‌లాండ్‌లో ఒక సహచరుడు క్రిస్మస్ కొవ్వొత్తి ముక్కను సూపర్ ఆమ్లంలో (అతి బలమైన ఆమ్లంలో) వేస్తే మైనం కరిగిపోయింది. వర్ణపటంలో కనిపించింది మళ్లీ టర్ట్-బ్యుటైల్ అయానే. పొడవాటి గొలుసులు తెగి, సర్దుకుని, అత్యంత స్థిరమైన రూపానికి చేరాయన్నమాట. ఓలాకు 1994లో నోబెల్ దక్కింది.

2013లో నార్బోర్నైల్ అయాన్ స్ఫటికాన్ని 40 కెల్విన్ల చలిలో ఎక్స్-కిరణాలతో చూశారు. విన్‌స్టైన్ చెప్పినట్టే, వంతెన కట్టిన సౌష్ఠవ రూపమే కనిపించింది.